మేడమీద వాటా

మన సంఘభవనంలో మేడమీద రెండు గదుల వాటా ఖాళీ అయి మూడు నెలలైనది. దాని అద్దె సొమ్ముతో పఠనమందిరానికి పుస్తకాలూ పత్రికలూ కొనుట మన పెద్దలు ఏర్పరచిన పద్ధతి. పోయిన నెల ఒక ముస్లిం ఉపాధ్యాయుడు వచ్చి ఆ వాటా తనకు కావలెనని కార్యదర్శిగారిని అడిగినాడు. ఆయన, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు, ముసలితల్లి. అద్దె దగ్గర బేరమాడలేదు. అడ్వాన్సు ముందే కడతానన్నాడు. కార్యదర్శిగారు ఆ సంగతి కార్యవర్గంలో పెట్టినారు. అప్పటినుండి మన షోలాపూరు తెలుగువారి ఇళ్ళలో ఇదే చర్చ.

ఆనాటి సమావేశంలో నేనూ ఉన్నాను. మగ్గాల మధ్య తల నెరసిన పెద్దమనిషి ఒకరు లేచి, “నాకు ఎవరిమీదా ద్వేషం లేదు. నలభై ఏళ్ళు కార్ఖానాలో వాళ్ళతో కలిసి పని చేసినవాణ్ణి. కాని తప్పును తప్పనకూడదా? మూడు మాటలతో పెళ్ళాన్ని వదిలెయ్యవచ్చునని, నలుగురిని కట్టుకోవచ్చునని చెప్పే మతం వాళ్ళను మన భవనంలో పెట్టుకుంటామా? ఇది అడిగితే నేను మతపిచ్చివాణ్ణా?” అన్నారు. వెంటనే ఒక యువకుడు లేచి, “కాకా, మీరన్నదంతా ద్వేషమే. వాళ్ళ మతం సంగతి మనకెందుకు? ఆ మాట ఎత్తడమే తప్పు” అన్నాడు. ఆపైన ఇద్దరి పక్షానా గొంతులు లేచినవి. చివరకు ఏమీ తేలక, విషయాన్ని వార్షిక సభకు వాయిదా వేసినారు.

ఇంటికి వచ్చి ఆలోచించగా, పెద్దాయన అడిగిన రెండు ప్రశ్నలలో ఒకటి న్యాయమైనదనీ, రెండవది కాదనీ నాకు తోచినది. తప్పును తప్పనకూడదా అన్నది మొదటి ప్రశ్న. తప్పక అనవచ్చును. ఆ మతంవాడు గనుక ఇల్లు ఇవ్వవచ్చునా అన్నది రెండవ ప్రశ్న. ఈ రెండింటికీ సంబంధం లేదు. పెద్దాయన మొదటిదానికి వచ్చే జవాబును రెండవదానికి వాడుకున్నారు. యువకుడు రెండవదాని మీది కోపంతో మొదటిదాని నోరు కూడా మూయబోయినాడు. ఈ ముడి మన సభలోనే కాదు, దేశమంతటా ఇట్లే పడి ఉన్నది. దానిని విప్పుటకు మన పొరుగునే జరిగిన కొన్ని సంగతులు పనికివస్తవి.

ఏడుగురు స్త్రీల ఊరేగింపు

కొంకణంలో చిప్లూణు దగ్గర మిర్జోళీ అను పల్లెలో 1932లో హమీద్ దల్వాయి జన్మించినాడు. మరాఠీలో కథలు వ్రాసినాడు. 1965లో వెలువడిన ‘ఇంధన్’ నవల ఆయనకు పేరు తెచ్చినది. 1966 ఏప్రిల్ 18వ తేదీన ఏడుగురు ముస్లిం స్త్రీలతో ముంబాయిలో శాసనసభ భవనానికి ఊరేగింపు తీసినాడు. ఒకే ఊపున చెప్పే మూడు తలాకులు పోవలెను, బహుభార్యాత్వం పోవలెను, అన్ని మతాల స్త్రీలకూ ఒకే పౌరస్మృతి రావలెను అని వారి కోరిక. ఏడుగురే గదా అని నవ్వినవారు ఉండవచ్చును. కాని ఆ కాలంలో వీధిలోకి వచ్చి ఆ మాట అనుటకు ఆ ఏడుగురికి ఎంత గుండె కావలెనో ఆలోచించండి.

1970 మార్చిలో పుణెలో ఆయన ముస్లిం సత్యశోధక మండలిని స్థాపించినాడు. ఆ పేరు జోతిరావు ఫూలే 1873లో పెట్టిన సత్యశోధక సమాజం నుండి వచ్చినది. ఆ సమాజానికి ముంబాయిలో అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు మొదలైన తెలుగు పెద్దలు ఉన్నారని మనవారిలో ఎందరికి తెలుసునో! తన ఇంటి దోషాన్ని తాను వెదకుకొనే ఆ వరుసలోనివాడే దల్వాయి.

ఆయన మాటలు మెత్తనివి కావు. ముస్లిం మతరాజకీయాన్ని ఆయన విమర్శించినంత పదునుగా ఈ దేశంలో విమర్శించినవారు తక్కువ. అట్లని హిందూ మతోన్మాదాన్ని విడిచిపెట్టినాడా? లేదు. 1977లో మూత్రపిండాల వ్యాధితో నలభైనాలుగేళ్ళకే కన్నుమూసినాడు. ఆయన వెనుక ఆయన భార్య మెహరున్నిసా ఆ పని సాగించినది.

దల్వాయి చేసినదానిని విమర్శ అంటున్నాము, ద్వేషమనుట లేదు. ఆయన ముస్లిముగా పుట్టినాడు గనుక కాదు. ఆయన వేలు ఒక చట్టాన్ని, ఒక ఆచారాన్ని చూపినది. ఆ చట్టం మారితే బాగుపడేది ముస్లిం స్త్రీ. ఆయన కోరిన న్యాయం అందరికీ ఒక్కటే. ఈ మూడు గుణాలున్న మాట ఏ మతస్థుడన్నా అది విమర్శే. ఈ మూడూ లేని మాట ఎంత శాస్త్రీయంగా ఉన్నా అనుమానించవలసినదే.

నోరు మూసినందువల్ల ఎవరికి నష్టం?

ఇక మన యువకుని మాట. ‘వాళ్ళ సంగతి మనకెందుకు’ అన్నది పైకి ఉదారంగానే వినిపిస్తుంది. దాని ఫలం షాబానోకు తెలిసినది.

ఇందోరులో షాబానోకు 1932లో పెళ్ళి అయినది. భర్త వకీలు. నలభైమూడు సంవత్సరాల కాపురం తరువాత 1975లో ఆమెను ఇంటినుండి పంపివేసినాడు. 1978లో ఆమె మనోవర్తి కోరి కోర్టుకు పోయినది. అదే ఏడు అతడు తలాకు చెప్పినాడు. మేజిస్ట్రేటు నెలకు ఇరవైయైదు రూపాయలు ఇప్పించినాడు. హైకోర్టు దానిని 179 రూపాయల 20 పైసలకు పెంచినది. ఆ కాసింత సొమ్ము కూడా ఇవ్వనక్కరలేదని భర్త సుప్రీంకోర్టుకు పోగా, 1985 ఏప్రిల్ 23న కోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పినది. దానిమీద మతం ఆపదలో ఉన్నదని దేశమంతటా ఆందోళన లేచినది. పెద్దల ఒత్తిడికి, చివరకు ఆమె ఆ తీర్పే తనకు వద్దని ప్రకటించవలసి వచ్చినది. 1986లో పార్లమెంటు వేరొక చట్టం చేసి, భర్త బాధ్యతను ముఖ్యంగా ఇద్దత్ కాలానికి పరిమితం చేసినట్లు కనిపించే ఏర్పాటు చేసినది. అది ముస్లిములను గౌరవించుట అని చెప్పుకున్నారు. ఏ ముస్లిమును? షాబానో కూడా ముస్లిమే గదా!

ఆ ముడి మెల్లమెల్లగా కోర్టులలోనే వీడినది. ఆ చట్టం ప్రకారమే భర్త ఆమె భవిష్యత్తుకు సరిపడ ఏర్పాటు ఇద్దత్ లోపల చేయవలసి ఉన్నదని 2001లో సుప్రీంకోర్టు అర్థం చెప్పినది. తెలంగాణ నుండి వచ్చిన ఒక వ్యాజ్యంలో 2024 జులై 10న, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా అందరు స్త్రీలవలెనే సామాన్య చట్టం కింద మనోవర్తి కోరవచ్చునని స్పష్టం చేసినది. మధ్యలో 2017 ఆగస్టు 22న, షాయరాబానో అను ఉత్తరాఖండ్ స్త్రీ మొదలైనవారు వేసిన వ్యాజ్యంలో, ఒకే ఊపున చెప్పే మూడు తలాకులు చెల్లవని అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు తీర్పిచ్చినారు. ఆ ముగ్గురిలో ఒకరు, ఆ ఆచారం ఖురానుకే విరుద్ధమని కారణం చెప్పినారు. 2019లో పార్లమెంటు దానిని మూడేండ్ల వరకు జైలు పడే నేరం చేసినది. మూడు తలాకులను వ్యతిరేకించినవారిలోనే కొందరు, భర్త జైలులో కూర్చుంటే మనోవర్తి ఎవరిస్తారని ఆ శిక్షను విమర్శించినారు. విమర్శ అంటే ఇట్లే, ఒకదానిని మరొకటి సరిదిద్దుతూ సాగుతుంది.

కనుక మన పెద్దాయనకు ఒక మాట విన్నవించవలెను. కాకా, మీరు చెప్పిన మూడు మాటల తలాకు ఇప్పుడు చట్టం దృష్టిలో చెల్లదు. దానిని కోర్టుకు లాగినవారు ముస్లిం స్త్రీలే. యువకునికీ ఒక మాట ఉన్నది. తమ్ముడూ, ‘ఆ మాట ఎత్తడమే తప్పు’ అని అందరూ అనుకొని ఉంటే ఆ స్త్రీలకు వకీలు కూడా దొరికేవాడు కాడు. ముస్లిముల మీది దురభిప్రాయం గురించి లండనులోని రన్నీమీడ్ ట్రస్టు 1997లో ప్రచురించిన నివేదిక చాలా ప్రసిద్ధమైనది. ఆ నివేదిక కూడా, ముస్లిముల విశ్వాసాలతోను, చట్టాలతోను విభేదించినంత మాత్రాన అది ద్వేషం కాదనే చెప్పినది.

విమర్శ ఎక్కడ దారి తప్పుతుంది?

ఇక రెండవ వైపు. విమర్శ మొదలుపెట్టిన మనిషి ఎక్కడ ద్వేషంలోకి జారుతాడో కనిపెట్టుట కష్టం కాదు.

చట్టం నలుగురు భార్యలకు అనుమతిస్తున్నది, అది తప్పు అంటే విమర్శ. వాళ్ళందరూ నలుగురిని కట్టుకొంటారు అంటే అబద్ధం. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, తమ భర్తకు మరొక భార్య ఉన్నదని చెప్పిన వివాహిత స్త్రీలు ముస్లిములలో నూటికి 1.9 మంది, హిందువులలో 1.3 మంది. హిందువులకు 1955 నుండి దేశవ్యాప్తంగా రెండవ పెళ్ళి నేరం అని గుర్తుంచుకొని ఈ లెక్క చదవవలెను. పిల్లల సంగతీ అంతే. 1992–93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4 కాన్పులు, 2019–21 నాటికి 2.36. హిందువులలో ఆ లెక్క 3.3 నుండి 1.94కు దిగినది. ఇప్పటికీ తేడా ఉన్నది, నిజమే. కాని రెండూ తగ్గుతున్నవి, తేడా కూడా తగ్గుతున్నది. ఈ లెక్క తెలిసి కూడా పాత మాటే పాడేవానికి కావలసినది నిజం కాదు.

ఒకని తప్పుకు మరొకనిని శిక్షించుట ఇంకా పెద్ద దోషం. దీనికి నేను దూరపు ఉదాహరణ ఇవ్వను. మన షోలాపూరు హైదరాబాదు సంస్థానపు పొలిమేరలో ఉన్న ఊరు. రజాకార్ల కాలపు కథలు మన ఇళ్ళలో తాతముత్తాతల నుండి వింటున్నాము. భైరాన్‌పల్లి వంటి ఊళ్ళలో వారు చేసినది మరువరానిది. ఆ రజాకార్లను ఖండించి ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ పత్రికలో వ్రాసిన సంపాదకుడు షోయబుల్లాఖాన్. అందుకే 1948 ఆగస్టులో హైదరాబాదులో ఆయనను చంపినారు. ఆయన ముస్లిము. చంపినవారు ఆయనను మతద్రోహి అన్నారు. విమర్శకు ఆ మనిషి చెల్లించిన వెల అది.

మన ఇళ్ళలో ఆ కథ అక్కడితో ఆగిపోతుంది. కాని చరిత్ర ఆగలేదు. సెప్టెంబరులో సైనికచర్య ముగిసిన తరువాత ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ముస్లిములపై ప్రతీకారం సాగినది. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం ఆ ప్రాంతాలు తిరిగి, సంస్థానంలో ఎంత తక్కువ అనుకున్నా ఇరవైయేడు వేల నుండి నలభై వేల మంది ప్రాణాలు కోల్పోయినారని అంచనా వేసినది. ఆ నివేదిక జనం చేతికి వచ్చుటకు 2013 వరకు పట్టినది. చచ్చినవారందరూ రజాకార్లా? పొలాల్లో, అంగళ్ళలో పని చేసుకొనే సామాన్యులు అందులో ఎందరు! రజాకారును ఖండించిన షోయబుల్లాఖాన్ ది విమర్శ. రజాకారు పేరు చెప్పి పొరుగింటి దర్జీని నరికినవాడిది ద్వేషం. రెండూ ఒకే ఏడాదిలో, మన పొలిమేరలోనే జరిగినవి.

‘మనం ఎవరినీ నరకలేదు, ఒక వాటా ఇవ్వమన్నాము, అంతే గదా’ అనవచ్చును. నిజమే, తేడా చాలా ఉన్నది. కాని బీజం ఒక్కటే: తాను చేయని తప్పుకు ఒకడు శిక్ష అనుభవించుట. 2006లో సచార్ సంఘం తన నివేదికలో, ముస్లిములు ఇతరుల పేటలలో ఇల్లు కొనుటకు, అద్దెకు తీసుకొనుటకు ఇబ్బంది పడుతున్న సంగతి ప్రస్తావించినది. ఇల్లు దొరకనివాడు తనవారి మొహల్లాకే పోతాడు. అక్కడే ఇరుకులో ఉంటాడు. అప్పుడు మనం ‘వాళ్ళు ఎవరితోనూ కలవరు’ అంటాము. తలుపు మూసినది మనమే, లోపలికి రాలేదని నింద వేసేదీ మనమే!

మన అద్దం

ఇక్కడ మన సంగతి కొంచెం చెప్పుకొనుట మంచిది. దల్వాయి ఊరేగింపు తీసిన 1966లోనే ముంబాయిలో శివసేన పుట్టినది. మొదటి సంవత్సరాలలో దాని కోపమంతా దక్షిణాదివారి మీద. వారి దృష్టిలో తెలుగువాడూ తమిళుడూ కన్నడిగుడూ మలయాళీ అందరూ ‘మద్రాసీ’లే. మరాఠీ యువకులకు ఉద్యోగాలు కావలెననుట ఒక వాదం. దానికి జవాబు చెప్పవచ్చును, చర్చించవచ్చును. ఇడ్లీ కొట్టు పెట్టుకొన్నవాణ్ణి పట్టి కొట్టుట వాదం కాదు. ఆ తేడా మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. పరాయి నేలమీద బ్రతికేవారికి అది చర్మానికి తెలుస్తుంది.

మన ఆచారాలను ఇతరులు విమర్శించనే లేదా? వితంతువుల దుస్థితిని గురించి పరాయివారు అన్నప్పుడు మన పూర్వులకు కోపం వచ్చినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయనను వెలివేసినవారు మనవారే. ఈనాడు ఆయనను సంఘద్రోహి అనే తెలుగువాడు లేడు. వరకట్న నిషేధ చట్టం వచ్చినది 1961లో. నేటికీ మన పెళ్ళిళ్ళలో కట్నం మాట లేనివి ఎన్ని? రేపు ఒక ముస్లిము వచ్చి, ‘కట్నానికి కోడళ్ళను కాల్చే జాతి మీది, మీకు ఇల్లివ్వను’ అంటే మనం ఏమంటాము? ‘కట్నం తప్పే బాబూ, కాని నేనెవరినీ కాల్చలేదు గదా’ అంటాము. ఆ జవాబు మనకు చెల్లినట్లే ఆ ఉపాధ్యాయునికీ చెల్లవలెను.

మాంసం వాసన సంగతి కూడా ఒకరు లేవనెత్తినారు. ఆదివారం మధ్యాహ్నం మన పేటలో నడచిపోయినవారికి ఏ ఇంటినుండి మసాలా ఘుమఘుమ వస్తుందో తెలియనిది కాదు. కనుక దానిని గురించి నేను ఎక్కువ చెప్పను.

వార్షిక సభకు నా మనవి

నా మనవి రెండు భాగాలు.

మేడమీద వాటా విషయంలో ఆ ఉపాధ్యాయుని మనం ఇదివరకు ప్రతివారినీ అడిగినవే అడుగుదాము. అద్దె ఏ తేదీన ఇస్తారు, మనుషులెందరు, నీళ్ళ పంపు వాడకం ఎట్లు, రాత్రి మెట్ల తలుపు ఎవరు మూయవలెను. జవాబులు నచ్చితే తాళపుచెవి ఇద్దాము. నచ్చకపోతే మరొకనికి చెప్పినట్లే చెప్పుదాము. తలాకు గురించి ఆయన అభిప్రాయం అద్దెచీటీలో వ్రాయించే షరతు కాదు.

ఇక తలాకు గురించి, బహుభార్యాత్వం గురించి, ఉమ్మడి పౌరస్మృతి గురించి మాట్లాడవలెనంటే పఠనమందిరం ఉన్నది. ఒక ఆదివారం సాయంకాలం సభ పెట్టుదాము. పెద్దాయన తన ప్రశ్నలన్నీ నిర్భయంగా అడగవలెను, ఎవరూ ఆయన నోరు మూయరాదు. మరుసటి ఆదివారం మన కట్నాల గురించి అదే కొలతతో మాట్లాడుదాము. రెండు సభలకూ మేడమీద కాపురమున్నవారిని, వారి ఇంటి స్త్రీలను కూడా పిలుద్దాము. మొహం చూచి చెప్పలేని మాట విమర్శ కాదు.

మన ఊరి మధ్య నలుగురు హుతాత్ముల విగ్రహాలు నిలిచి ఉన్నవి. మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ శిందే. 1931 జనవరి 12న యెరవాడ జైలులో ఆ నలుగురినీ ఉరితీసినారు. ప్రతిరోజూ మనం ఆ చౌకు మీదుగానే పోతున్నాము. ఆ నలుగురినీ కలిపి పూలదండ వేసే చేతులతోనే మనం మేడమీద తలుపు తీయుటయో మూయుటయో నిర్ణయించవలసి ఉన్నది. సభ్యులందరూ తప్పక రావలెనని, వచ్చి తమ మనస్సులోని మాట చెప్పవలెనని ప్రార్థన.